అంగనష్టము - యజమాని ఋణము

కృష్ణా డెల్టాలో సార్వా కోతలు మొదలైన నాటినుండి దాళ్వా ధాన్యము మిల్లులకు చేరు నాటివరకు యంత్రములకు విశ్రాంతి యుండదు. ఎడ్లచేత కళ్ళములలో కంకులు త్రొక్కించిన దినములు గతించినవి. కోతయంత్రము, నూర్పుయంత్రము, ట్రాక్టరు, మిల్లులోని బెల్టు, పొలముగట్టున మోటారు - ఇవి లేనిదే నేడు బస్తా బియ్యమైనను ఇల్లు చేరుట లేదు. ఈ యంత్రములు మన సిరిని పెంచినమాట నిజము. వీని కోరలలో బడి కొందరి వ్రేళ్ళును, చేతులును, కాళ్ళును పోవుచున్నమాటయు నిజమే. మొదటిమాటను మనము సభలలో చెప్పుకొందుము. రెండవమాట ఊరి పెద్దమనుష్యుల అరుగుమీదనే ముగిసిపోవుచున్నది.

ఆ ముగింపు ఎట్టిదో మన పాఠకులలో పలువురు కన్నదే, కొందరు చేసినదే. చేయి పోయినవాడు ఆసుపత్రినుండి ఇల్లు చేరిన కొన్నిదినములకు నలుగురు పెద్దలు కూర్చుందురు. వైద్యమునకైన వ్యయమంతయు యజమానియే భరించినాడని మొదట చెప్పుదురు. వాడు ఏమరుపాటున చేయి పెట్టినాడని రెండవమాట. వాని ప్రారబ్ధమట్లున్నదని మూడవమాట. ఈ మూడు మాటలమీద బేరము సాగి కొన్ని వేల రూపాయలకు తెగును. ఇకమీదట తనకుగాని తన వారసులకుగాని ఎట్టి హక్కును లేదని ముద్రకాగితముమీద వ్రాయించి, కుడిచేయి పోయినవాని యెడమచేతి బొటనవ్రేలిముద్ర వేయింతురు. యజమాని ధర్మప్రభువని నలుగురును పొగడుదురు. యజమానియు తాను ధర్మము చేసితిననియే నమ్మును. ఆ నమ్మకము కపటము కాదని మేమెరుగుదుము. కాని ఆ కాగితమునకు చట్టమునందు విలువ లేదు.

ఈ మాటను మేము అతిశయోక్తిగా చెప్పుటలేదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టపు 17వ సెక్షను, పనివాడు తన పరిహారపు హక్కును వదలుకొనునట్లుగాని తగ్గించుకొనునట్లుగాని వ్రాసియిచ్చిన ఏ యొడంబడికయు చెల్లదని స్పష్టముగా శాసించినది. రాజీపడుట నిషిద్ధము కాదు. పడిన రాజీని కమీషనరునకు పంపి రిజిష్టరు చేయింపవలెను. సొమ్ము చాలదని తోచినను, వంచనచేతగాని బలవంతముచేతగాని కుదిరినదని తోచినను ఆయన దానిని నిరాకరింపవచ్చును. రిజిష్టరు చేయింపని యజమాని పూర్తి పరిహారమునకు బాధ్యుడై యుండుటయేగాక, తాను ముందుగా ఇచ్చినదానిలో సగమునకు మించి, కమీషనరు వేరుగా ఆజ్ఞాపించిననే తప్ప, మినహాయించుకొనజాలడు. అనగా అరుగుమీద చవుకగా కుదిరిన బేరము కచేరీలో మిక్కిలి ఖరీదైన బేరముగా తేలును. ఇంక వైద్యవ్యయమందురా, 2009 నాటి సవరణచేత అదియు పనివానికి వేరుగా రావలసినదే. దానిని పరిహారములో కలిపి లెక్క చెప్పుట యజమానులకు అలవాటైనను, చట్టమునకు సమ్మతము కాదు.

ఈ చట్టము వెనుక ఒక శతాబ్దపు కలహము కలదు. 1837లో ఇంగ్లండునందు ఒక మాంసపు వర్తకునియొద్ద కొలువున్న కుర్రవాడు, అధికమైన బరువెత్తిన బండి విరిగి తొడయెముక విరుగుటచే యజమానిపై దావా తెచ్చెను. న్యాయమూర్తులు దానిని త్రోసివేసిరి. ఇష్టము లేనిచో సేవకుడు ఆ బండి యెక్కకుండవచ్చును గదా యనిరి. ఇట్టి దావాలు చెల్లనిచ్చినచో యజమానుల బాధ్యతకు అంతుండదనియు భయపడిరి. ఈ తీర్పునుండియే, తోడిపనివాని యజాగ్రత్తకు యజమాని బాధ్యుడు కాడను సూత్రము పుట్టి, కర్మాగారములలో అవయవములు పోగొట్టుకొన్నవారిని అరువది యేండ్లు రిక్తహస్తములతో పంపుచుండెను. 1884లో జర్మనీ ప్రమాద బీమాను నెలకొల్పి వేరొక త్రోవ చూపినది. 1897లో ఇంగ్లండు ఆ త్రోవ త్రొక్కినది. మన దేశమున 1923లో శాసనమై, 1924 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. కొత్త త్రోవ యేమనగా: తప్పెవరిదను ప్రశ్నను ప్రక్కనబెట్టి, ఎవరి వ్యాపారలాభము కొరకు ఆ చేయి ఆ యంత్రముదగ్గర ఉండవలసివచ్చినదను ప్రశ్నను అడుగుట.

మన ప్రజలలో విద్యావంతులకుసైతము బోధపడనిది ఇదియే. యజమాని అజాగ్రత్తను రుజువుచేయనిదే పైకము రాదని వకీళ్ళలో కొందరును తలచుచున్నారు. సామాన్యమైన సివిలు దావాలో అది నిజమే. పరిహార చట్టమున అట్లు కాదు. పని కారణముగా, పనివేళ ప్రమాదము జరిగిన చాలును. పనివాడు త్రాగి యుండుట, భద్రతకై యేర్పరచిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా ఉల్లంఘించుట, రక్షణకై పెట్టిన కవచమును తెలిసి తొలగించుట - ఈ మూడు కారణములలో ఏదేని ఒకటి యజమాని చూపగలిగిన తప్పించుకొనవచ్చును. మరణముగాని శాశ్వతమైన సంపూర్ణ వైకల్యముగాని కలిగినప్పుడు ఆ మూడును పనికిరావు. కునికిపాటు, తొందర, ఏమరుపాటు, అలవాటైన పనియను నిర్లక్ష్యము - ఇవి యెన్నడును యజమానికి కవచములు కావు. తెల్లవారుజామునుండి పొద్దుగూకువరకు యంత్రముతో సమానముగా నిలువబడిన మనుష్యుడు ఒక్క క్షణము ఏమరకుండునా?

2009 నాటి సవరణచే ఈ చట్టము ఉద్యోగుల పరిహార చట్టమను పేరు పొంది, 2025 నవంబరు 21వ తేదీనుండి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది. ఆ స్మృతియందలి సప్తమాధ్యాయము పాత చట్టపు ఎముకలమీదనే నిలిచియున్నది. ఇంటినుండి పనికి పోవుచు, పనినుండి ఇంటికి వచ్చుచు పడిన ప్రమాదములను గూర్చియు అది స్పష్టముగా చెప్పినది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదములకు పాత చట్టము క్రింద పుట్టిన హక్కులు పోలేదు.

చట్టపు మాటలు ఎట్లున్నను, అవి న్యాయస్థానమున పరీక్షకు నిలిచిన తీరు తెలిసిననే మనకు నమ్మకము. 1936 వరకు మన విశాఖపట్టణము జిల్లాలో చేరియుండి, పిమ్మట ఒరిస్సాలో కలసిన జయపురమున జరిగిన వ్యవహారమొకటి ఇందుకు తగియున్నది. అచట రెండు సినిమాహాళ్ళ యజమాని తన హాలులో అలంకారపు పనికై ఒక వడ్రంగిని పెట్టుకొనెను. 1968 జూలై 6వ తేదీన ఆ వడ్రంగి పనిచేయుచు క్రిందబడి యెడమచేయి పోగొట్టుకొనెను; మోచేతివద్ద దానిని తీసివేయవలసివచ్చెను. అతని జీతము నెలకు 120 రూపాయలు. మరుసటి నెలలో అతడు నోటీసు ఇచ్చెను. యజమాని సమాధానమేమి? ఇతడు నా పనివాడు కాడు, అప్పటికప్పుడు పని ఒప్పుకొన్న కంట్రాక్టరు. ప్రమాదమునకు ఇతని యజాగ్రత్తయే కారణము. మన అరుగులమీద వినబడు మాటలును ఇవియే కావా! వడ్రంగి స్వయముగా పోయి అడిగి చూచెను. ఫలము లేకపోయెను. అంతట కమీషనరునకు అర్జీ పెట్టుకొనగా, ఆయన 9,800 రూపాయల పరిహారమును, అందులో సగము అపరాధ రుసుమును, నూటికి ఆరు వంతున వడ్డీని విధించెను.

యజమాని ఊరకుండలేదు. హైకోర్టుకు పోయెను, అక్కడ ఓడి సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. అచట అతని వాదము వినదగినది. చట్టపు అనుబంధములో మోచేతివద్ద చేయి తెగినవానికి ఆర్జనశక్తిలో నూటికి ఇంత నష్టమని అంకె వేసియున్నది గదా, అంతవరకే ఈయవలెను, సంపూర్ణ వైకల్యమని ఎట్లందురు? అని అడిగెను. అంకెలనుబట్టి చూచినచో ఈ వాదమున కొంత పస లేకపోలేదు. 1975 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఒక సామాన్యుని మాటతో దీనిని త్రోసివేసినది: వడ్రంగిపని ఒంటిచేతితో సాగదు. చేయబూనిన పని యేదో చూడవలెనుగాని, దేహమున మిగిలిన భాగమెంతయో కొలిచి చూడరాదు. పరిహారము చెల్లింపవలసినది కమీషనరు తీర్పు చెప్పిన దినమునుండి కాదనియు, ప్రమాదము జరిగిన దినముననే ఆ ఋణము పుట్టినదనియు ఆ తీర్పులోనే చెప్పబడినది. ప్రమాదము జరిగి యప్పటికి ఏడేండ్లు దాటినది.

నేటికిని ఈ తీర్పు న్యాయవాదుల నోట ఆడుచున్నది. దాని భావము మన ప్రాంతమున ఎంత దూరము పోవునో చూడుడు. కొండపల్లిలో పొణికికొయ్యను ఒకచేత పట్టి రెండవచేత చెక్కువానికి ఒక చేయి పోయిన మిగిలినదేమి? పెడనలో మగ్గమునందు కాళ్ళును చేతులును కలసి ఆడినగాని బట్ట దిగదు. అచట కాలు పోయిన సగము పోయినట్లా, అంతయు పోయినట్లా? విజయవాడ ఆటోనగరులో లేతుమీద పనిచేయువానికి, లారీ నడుపువానికి, నాట్లు వేయు స్త్రీకి వేర్వేరుగా లెక్క చూడవలసినదే. 2010 అక్టోబరులో మోటారు ప్రమాదముల విషయమునను సర్వోన్నత న్యాయస్థానము ఈ మాటనే విస్తరించి చెప్పినది. వైద్యుడు వ్రాసియిచ్చిన వైకల్యపు అంకె వేరు, సంపాదనలో కలిగిన నష్టపు అంకె వేరు. ఎడమచేయి పోయినచో వడ్రంగికి, డ్రైవరుకు బ్రతుకుతెరువే పోవచ్చును. ప్రభుత్వ కచేరీలోని గుమాస్తాకు కొలువు నిలిచియే యుండవచ్చును. సదరము శిబిరమునందు ఇచ్చిన పత్రములోని అంకెను చూచి, ఇంతియే గదా యని నిరాశపడువారు ఈ భేదమును తెలిసికొనవలెను.

లెక్క యెట్లు కట్టుదురో ఒక ఉదాహరణముచే చూపుదుము. 2024లో ముప్పది యేండ్ల పనివాడు నెలకు 15,000 రూపాయల వేతనముమీద నుండి ఒక హస్తము పోగొట్టుకొనెననుకొందము. 2020 జనవరి 3వ తేదీనుండి లెక్కకు తీసికొనదగిన గరిష్ఠ వేతనమంతియే. అందు నూటికి 60 వంతులనగా 9,000. ముప్పదియేండ్ల వయస్సునకు చట్టములోని గుణకము 207.98. రెండింటిని హెచ్చవేసిన 18,71,820 రూపాయలు. ఇది సంపూర్ణ వైకల్యమునకు. అనుబంధము ప్రకారము హస్తము పోయిన నష్టము నూటికి 60 గాన, అందు 60 వంతులు 11,23,092 రూపాయలు. జయపురపు వడ్రంగివలె తన పనికి తాను బొత్తుగా పనికిరానివాడైనాడని రుజువుచేసికొన్నచో మొదటి మొత్తమంతయు వచ్చును. రెండింటికి వ్యత్యాసము 7,48,728 రూపాయలు. ఒక్క బొటనవ్రేలు పోయిననే అనుబంధము నూటికి 30 వంతులు వ్రాసినది. భుజపు కీలువద్ద చేయి పోయిన 90 వంతులు. ఈ మొత్తములను అరుగుమీద చేతబెట్టు కొన్ని వేలతో పోల్చి చూచుకొనుడు. నెలదినములలోపల చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీయు, తగిన కారణము లేకున్న సగమువరకు అపరాధ రుసుమును దీనిమీద చేరును.

మన పాఠకులలో భూస్వాములు, మిల్లుదారులు పలువురు గలరు. ఈ అంకెలు చూచి వారికి గుండె ఝల్లుమనుట సహజము. పది యెకరముల రైతు పదునొకండు లక్షలు ఎచటనుండి తెచ్చును? ప్రశ్న న్యాయమైనదే, మేము దానిని తేలికగా త్రోసిపుచ్చము. కాని ఆ ప్రశ్నకు జవాబు, చేయి పోయినవాడే ఆ నష్టమును భరించవలెననుట కాజాలదు. పది యెకరముల రైతు భరింపలేనిదానిని, సెంటు భూమి లేనివాడు భరించునా? జవాబు బీమాయందున్నది. ఇంటికి, వడ్లగోదాముకు, ట్రాక్టరుకు బీమా చేయించు మన రైతు, ఆ ట్రాక్టరు వెనుక నిలువబడు మనుష్యునికి బీమా చేయింపకుండుట వింత. పనివారి పరిహారమునకై ప్రత్యేకమైన బీమాపత్రములు ఎప్పటినుండియో లభించుచున్నవి.

కొందరు భూస్వాములు, పొలముపనికి ఈ చట్టము వర్తింపదని ధైర్యముగా ఉన్నారు. వారి ధైర్యమునకు ఆధారము లేదు. ట్రాక్టరుతోగాని, విద్యుత్తుతోగాని, మరి యే యంత్రశక్తితోగాని సాగు సాగించునప్పుడు అందు నియుక్తులైనవారు 1923 నాటి చట్టపు రెండవ అనుబంధమున చేరియుండిరి. దినకూలి గదా యనుటయు చెల్లదు. యజమాని వ్యాపారమునకు సంబంధింపని తాత్కాలికపు పనివారిని మినహాయించిన వాక్యమును 2000 నాటి సవరణ తీసివేసినది. మేస్త్రీ తెచ్చిన కూలీ గాని నా కూలీ కాడనుటయు చెల్లదు. తన వ్యాపారములో భాగమైన పనిని కంట్రాక్టుకు ఇచ్చినవాడు ముందు తాను చెల్లించి, పిదప కంట్రాక్టరువద్ద రాబట్టుకొనవలెను. నూర్పుయంత్రముల విషయమున 1983లో కేంద్రప్రభుత్వము ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టమని వేరొక శాసనమే చేసినది. యంత్రమున చేయి చిక్కకుండ కట్టుబాట్లును, చిక్కినవానికి పరిహారమును దాని యుద్దేశము. ఈ పేరు విన్న రైతులు మన డెల్టాలో ఎందరుందురో!

నాట్లకు, కోతలకు స్త్రీలను ట్రాక్టరు తొట్టిలో నిలువబెట్టి తీసికొనిపోవుట మన రోడ్లమీద నిత్యము కనబడు దృశ్యము. కాలువగట్టున తొట్టి తిరుగబడినప్పుడు ప్రాణములతోపాటు కాళ్ళుచేతులును పోవుచున్నవి. సరుకులు మోయు బండిలో ఊరక ఎక్కించుకొన్నవారికి బీమా వర్తింపదని 2002 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. తొట్టి సరుకు మోయుటకే గాని మనుష్యులను మోయుటకు కాదని బీమాకంపెనీవారు నేటికిని వాదించి తప్పించుకొన జూతురు. వారు గెలిచినచో డిక్రీ ట్రాక్టరు సొంతదారు మీదికి వచ్చును. పాతికమందిని మినీలారీలో కాక బస్సులోనో ఆటోలలోనో పంపిన ఖర్చెంత? తొట్టి తిరుగబడినచో పోవు పొలమెంత? ఈ లెక్క మన రైతు తానే వేసికొనగలడు. మోటారు ప్రమాదములకు దరఖాస్తు పెట్టుటకు 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆరు మాసముల గడువు మరల చట్టములోనికి వచ్చినదని బాధితులవారును మరువరాదు. మూడు నెలలు ఆసుపత్రిలోనే గడచిపోవు కుటుంబములకు ఆరు నెలలనగా ఎంత!

ఇదంతయు పాశ్చాత్యుల సరుకనియు, మన ధర్మమునకు తెలియని వ్యవహారమనియు చెప్పు పెద్దలును గలరు. వారు గ్రంథములు విప్పి చూచినచో ఆశ్చర్యపడుదురు. అంగమునకు హాని చేసినవాడు గాయపడినవాడు తిరిగి కోలుకొనుటకగు వ్యయము నీయవలెనని మనువును, యాజ్ఞవల్క్యుడును విధించిరి. దానికి సముత్థాన వ్యయమని పేరు. బండి తోలువాడు నేర్పులేనివాడై యెవనికైన హాని కలిగినచో, తోలినవానిని విడిచి బండి సొంతదారునే దండింపవలెనని మనుస్మృతి అష్టమాధ్యాయము చెప్పుచున్నది. నేర్పులేనివానిచేతికి పగ్గములిచ్చినవాడు ఎవడో అతడే బాధ్యుడని దాని భావము. యాజ్ఞవల్క్యస్మృతికి వెలసిన మితాక్షరావ్యాఖ్యను పదుమూడవ శతాబ్దముననే మన కేతన తెలుగుచేసినాడు. ఆ స్మృతులలో వర్ణమునుబట్టి దండము మారు పద్ధతిని మేము సమర్థింపము. అది పోవలసినదే, పోయినదియు. సొంతదారు బాధ్యతమాత్రము మనకు పరాయిది కాదని చెప్పుటకే ఇంత చెప్పవలసివచ్చినది.

యజమాని-పనివాడను సంబంధము లేనిచోట్ల దారులు వేరు. రైలెక్కుచు దిగుచు, రైలునుండి జారిపడి కాలు పోయినవారికి 1989 నాటి రైల్వే చట్టపు 124ఎ సెక్షను క్రింద రైల్వేవారి తప్పు రుజువుచేయకయే పరిహారము కలదు. టిక్కెట్టు దొరకనంతమాత్రమున దావా పోదని 2018లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. విజయవాడవంటి పెద్ద జంక్షనులో ఇది ఎంతమందికి పనికివచ్చు మాటయో చెప్పనక్కరలేదు. తెగిపడిన విద్యుత్తు తీగ విషయమున, ఎంత జాగ్రత్త పడితిమని చెప్పినను ఆ శక్తిని ప్రసరింపజేయువారే బాధ్యులని 2002లో స్థిరపడినది. తీగ తగిలి చేతులు పోయినవారిలో పిల్లలును ఉందురు. వారికి డెబ్బది యేండ్ల జీవితము ముందున్నదని న్యాయమూర్తులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

వైద్యుల యజాగ్రత్త సంగతి కష్టతరమైనది. బిగుతుగా కట్టిన సిమెంటుకట్టు క్రింద రక్తము ఆడక కాలు కుళ్ళినప్పుడు, అది రోగలక్షణమా, వైద్యుని లోపమా యని తేల్చవలెను. 1981లో బస్సు ప్రమాదమున గాయపడి, ఆ గాయము కుళ్ళుటచే కాలు తీసివేయవలసివచ్చిన నర్తకి సుధాచంద్రన్ కథను మన తెలుగువారు మయూరి చలనచిత్రముగా చూచి కన్నీరు కార్చిరి, చప్పట్లు కొట్టిరి. ఆమె జైపూరు పాదముతో మరల నాట్యమాడుట వీరకార్యమే. (ఈ జైపూరు రాజపుత్రస్థానములోనిది, మన జయపురము వేరు.) చూచినవారిలో ఎందరు, ఆ కాలికి పరిహారము మాటయేమని అడిగిరో! 1995 నుండి వైద్యసేవలు వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చియున్నవి. కేసుషీటు నకలు అడిగిన 72 గంటలలోపల ఈయవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధనలు. హైదరాబాదునందలి ఒక ఆసుపత్రిలో మలేరియాకు టైఫాయిడు వైద్యము చేయగా మరణించిన స్త్రీ విషయమున, 2010 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము ప్రతి వ్యవహారమునందును నిపుణుని సాక్ష్యము అవసరము లేదని చెప్పి, జిల్లా ఫోరము తీర్పును నిలిపినది. ఒక వైద్యుడు మరియొక వైద్యునికి వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పుట యెంత దుర్లభమో తెలిసినవారికి ఈ మాట విలువ తెలియును. రోగము ముదిరి కాలు తీసివేసిన ప్రతి వైద్యుని దోషిగా చూపుటకు మాత్రము మేము తోడుపోము. అట్టి దావాలు మంచివైద్యుని చేతిని వణికించును.

ప్రభుత్వముల లోపమునుగూర్చి ఒకమాట చెప్పకుండలేము. లెక్కకు తీసికొనదగిన వేతనమును 2010 మే 31న 8,000 రూపాయలుగా నిర్ణయించి, 2020 వరకు దానిని కదల్పలేదు. ఆ పదియేండ్లలో బియ్యము ధర నిలువలేదు, కూలిరేట్లు నిలువలేదు. చేయి ఖరీదు మాత్రము నిలిచియుండెను. కమీషనరు మూడు మాసములలో తీర్పు చెప్పవలెనని 2009 నాటి సవరణ శాసించినది. కార్మికశాఖాధికారులు తమ యితర విధులతోపాటు ఈ విచారణలు కూడ నెత్తిన వేసికొన్నవారగుటచేత మూడు మాసములు ఏండ్లగుచున్నవి. ఈ జాప్యమే అరుగుమీది బేరమునకు బలము. రేపటికి బియ్యము లేనివాడు ఎన్నడో వచ్చు పదునొకండు లక్షలకంటె నేడు చేతబడు వేలనే కోరుకొనును, వానిని తప్పుపట్టజాలము. తీర్పు వచ్చిన పిదప సొమ్ములో వాటా పుచ్చుకొను దళారీలు ఆసుపత్రి గుమ్మముల దగ్గరనే కాచియుందురు. వారి అవసరమే లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, వికలాంగులు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. చేయి పోయిన దినముననే మనుష్యుడు ఈ వరుసలో చేరుచున్నాడు.

కృత్రిమాంగము సంగతియు మరువరాదు. ఒకసారి కొనిచ్చిన కాలు జీవితాంతము నిలువదు. అరుగును, విరుగును, ఎదుగు పిల్లవానికి పొట్టియగును. మోటారు ప్రమాదమున కాలు పోయినవాని విషయమున 2022 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, కృత్రిమపాదమునకును దాని పోషణకును కాలాంతరమున మార్చుకొనుటకును సొమ్ము చేర్చి యిప్పించినది. కమీషనరుల యెదుట ఈ పద్దు అడుగువారే కనబడరు. అనుబంధములోని అంకెలలో దానికి చోటు లేదు. కొత్త స్మృతి క్రింద నియమములు చేయుచున్న ప్రభుత్వమువారు దీనికి చోటు కల్పింపవలెనని కోరుచున్నాము.

డెల్టాలోని మిల్లుదారుల సంఘములకును, రైతుసంఘములకును మేము చేయు సూచన స్వల్పమైనది. మిల్లు గుమ్మమున లైసెన్సు వ్రేలాడదీసినట్లే, పనివారి బీమాపత్రపు సంఖ్యను, గడువుతేదీని తెలుగులో వ్రాసి వ్రేలాడదీయుడు. కోతయంత్రమును అద్దెకు పిలుచు రైతు, గంటకెంతయని అడుగుటకు ముందు, దానిమీది మనుష్యులకు బీమా యున్నదా యని అడుగవలెను. ఇక ప్రమాదము జరిగి, పెద్దలు అరుగుమీద కూర్చుండవలసివచ్చెనా, కూర్చుండనిండు. రాజీ వ్రాయువారు వయస్సు, వేతనము, గుణకము వేసి లెక్క కట్టి, ఆ లెక్కను పత్రములోనే వ్రాసి, పదిదినములలోపల దానిని కార్మికశాఖ కచేరీలో రిజిష్టరునకు దాఖలుచేయించి రసీదు పుచ్చుకొనవలెను. ఆ రసీదు యజమాని పెట్టెలో ఒక ప్రతియు, చేయి పోయినవాని యింట ఒక ప్రతియు ఉండవలెను.